అరువు నడక

"మంగలిని పిలిచారా, లేదా?"

మూసిన తలుపు వెనకనుంచి అచ్యుతరావు ఈ మాట అడగడం పొద్దుటినుంచి ఎన్నోసారో. అడుగుతాడు గాని తలుపు తియ్యడు.

రాజేశ్వరి కాఫీ గ్లాసుతో ఆ తలుపు ముందు నిలబడింది. ఒకసారి చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చింది. అదీ చల్లారింది.

"అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది, తలుపు తియ్యి. శుక్రవారం పూట జుట్టు తీయించుకోవడమేమిటి? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వనీ! ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజులొచ్చాక మగాడికి నడుం దిగిన జడెందుకూ? రేపటినుంచి నాకు శుక్రవారమూ లేదు, తలంటూ లేదు."

మండువాకి అవతల, వసారాలో కనకరత్నం కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. కొల్లేటి గట్టు మీద తియ్యగా మిగిలిన ముక్క రీలు ఇంకా దాని కడుపులోనే ఉంది. అతను తల ఎత్తకుండానే అన్నాడు.

"మీ అన్నయ్యతో చెప్పు, రాజేశ్వరీ. జడ ఉంచుకోమనీ నేననలేదు, తీయించుకోమనీ నేననలేదు. నా సినిమా బొమ్మలో ఆడవేషం వద్దన్నాను. అంతే."

"ఆ 'అంతే'లోనే అంతా ఉందని మీ ఆయనతో చెప్పు," అంది తలుపు.

రాజేశ్వరి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. చెప్పే అవసరమేముంది? ఇద్దరి గొంతులూ వీధి చివర కాలవ వంతెన దాకా వినిపిస్తాయి. అయినా వారం రోజులుగా ఆ బావా బావమరుదులు ఒకరితో ఒకరు మాట్లాడరు. ఏం కావాలన్నా మధ్యలో ఈవిడ ఉండాలి. పక్కపక్క విస్తళ్ళలో కూర్చుని అన్నం తింటూ కూడా, "మీ ఆయన్ని మజ్జిగ ఇటు జరపమను" అంటాడు ఒకాయన. మజ్జిగ గిన్నె చేతికందే దూరంలోనే ఉంటుంది. వంటింట్లోంచి ఈవిడ వచ్చి జరపాలి. మగవాళ్ళ అలకకి మనిషి కూలీ ఒకటి!

ఇంకో ఇంట్లో జరిగితే పడి పడి నవ్వేదే. ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు.

సోమవారం పొద్దున్నే అందరూ కొల్లేటికి వెళ్ళాలి. పెదపాడు అవతల గట్టు కింద పడవలు నడిపే అంకయ్య, తాటిమాను తొలిచిన దోనెలు సిద్ధంగా కట్టి ఉంచాడు. కొల్లేరు ఎవరికోసమూ ఆగదు. మాఘం దాటిందంటే నీళ్ళు వెనక్కి జరిగిపోయి గట్ల కింద బురద తేలుతుంది, కొంగలు లేచిపోతాయి. ఆ నీళ్ళూ ఆ కొంగలూ లేకపోతే కనకరత్నం తియ్యాలనుకున్న బొమ్మే లేదు.

మద్రాసులో ఏళ్ళ తరబడి ఎవరెవరి బొమ్మలకో కెమెరా తిప్పి తిప్పి, "ఇక నా ఊరి బొమ్మ నేనే తీసుకుంటాను" అంటూ ఏలూరు వచ్చేసిన మనిషి అతను. వెనక కంపెనీ లేదు, స్టూడియో లేదు. ఉన్నదల్లా ఊళ్ళో నాటక మండలి. వేషగాళ్ళు వాళ్ళవాళ్ళు, హార్మోనియం వాళ్ళది, దోనెలకి రంగులు రాసేవాడు కూడా వాళ్ళ తెరలు రాసే మనిషే. ఆ మండలికి ప్రాణమేమో అచ్యుతరావు. రాణి వేషం కట్టి అతను తెరలోంచి ఒక్క అడుగు వేస్తే చాలు, జనం ఈలలు వేసేవారు.

అచ్యుతరావు అలిగి ఈ గడప దాటితే మండలి దోనె ఎక్కదు. మండలి ఎక్కకపోతే బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే కనకరత్నం ఇక మనిషి కాడు. ఇదంతా ఒక ఎత్తు. అమ్మా నాన్నా పోయిన రాజేశ్వరికి పుట్టిల్లంటూ మిగిలింది ఆ తలుపు వెనక ఉన్న మనిషొక్కడే. అది ఇంకో ఎత్తు.

వీటికి తోడు ఆమె చేసిన పని ఒకటుంది. ఆ సంగతి ఇంకా కనకరత్నానికి తెలియదు. ఇవాళ తెలుస్తుందేమోనన్న దిగులుతో రాత్రి కన్ను మూతపడలేదు.

వీధి తలుపు చప్పుడైంది. ఉత్తరీయం భుజాన సర్దుకుంటూ పాపారావు గారు వచ్చారు. మండలికి కార్యదర్శి ఆయనే. మాట నెమ్మది, పట్టు గట్టి.

"ఏవండీ రత్నం గారూ, మద్రాసునుంచి బొమ్మ కడిగి పంపారటగదా?"

"నిన్న సాయంత్రం రైలుకి వచ్చిందండీ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండీ. మండలి వాళ్ళంతా రాత్రి మా ఇంట్లో కూర్చున్నారు. అచ్యుతం లేని నాయికని మా మండలి ఇంతవరకూ ఎరగదండీ. మొన్న తాడేపల్లిగూడెంలో ఆడితే, ఆట అయ్యాక ఊరి ఆడవాళ్ళు లోపలికొచ్చి మా వాడికి పసుపూ కుంకుమా పెట్టి, రవికలగుడ్డ చేతిలో పెట్టి వెళ్ళారు. మగవాడంటే నమ్మితేనా!"

"పెట్రోమాక్సు దీపాల వెలుగులో నమ్మారండీ. ఎదురుగా ఎండలో నిలబెట్టి, మొహం ఇంటి గోడంత చేసి చూపిస్తే నమ్ముతారా? గీసిన గడ్డం కింద నీలం కూడా కనపడుతుంది నా కెమెరాకి."

మూసిన తలుపు వెనక ఏదో కింద పడ్డ చప్పుడు. రాజేశ్వరి వసారా వైపు తిరిగింది.

"మెల్లిగా మాట్లాడండీ," అంది మొగుడితో.

"నిజం మెల్లిగా చెప్పినా అంతే, గట్టిగా చెప్పినా అంతే."

పాపారావు గారు చెయ్యెత్తారు. "సరేనండీ. మాటలెందుకు? నాయిక వేషానికని మీరు మిషన్ స్కూలు టీచరమ్మ చేత కొల్లేటి గట్టు మీద వేయించిన ఆ నడక చూపించండి. మా అచ్యుతానికి దీటుగా ఉంటే మండలి నోరు మూసుకుని సోమవారం దోనె ఎక్కుతుంది. లేదూ, మా దారి మాది. అంకయ్యకి దోనెలు విప్పెయ్యమని నేనే కబురంపుతాను."

"అలాగే కానివ్వండి," అన్నాడు కనకరత్నం. అతనికి అంత నమ్మకం.

ఆ మాటకి గది గడియ తీసిన చప్పుడైంది. అచ్యుతరావు బయటికి వచ్చాడు. జడ విప్పేసుకున్నాడు, జుట్టు వీపు నిండా పరుచుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలి చేతిలోని చల్లారిన కాఫీ అందుకుని గుటగుటా తాగేసి, గ్లాసు తిరిగి ఇచ్చాడు.

"నేనూ చూస్తానని మీ ఆయనతో చెప్పు," అన్నాడు.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు కిటికీలకి తివాచీలు కట్టారు. రెండు తెల్లటి పంచెలు కలిపి కుట్టి, హాలుకీ లోపలి గదికీ మధ్య గుమ్మానికి వేలాడదీశారు. మగవాళ్ళు హాల్లో, తెరకి ముందు. రాజేశ్వరీ సుగుణా లోపలి గదిలో, తెరకి వెనక.

సుగుణ మిషన్ స్కూల్లో టీచరు. చర్చిలో పాటల బృందాన్ని నడిపే క్రీస్తుదాసు గారి కూతురు. ఆయన్ని ఒప్పించడానికి కనకరత్నం చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి, "మా పాటల వాళ్ళు మీ పడవ పాట పాడతారు, మా అమ్మాయి వేషం వేస్తుంది. అయితే మీ ఇంటావిడ దాని పక్కనుంచి కదలకూడదు" అన్నాడాయన. రాజేశ్వరి కదల్లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

కెమెరా తేవడానికి కనకరత్నం మద్రాసు వెళ్ళినప్పుడు ఆ పిల్ల వచ్చి వంటింట్లో కూలబడి ఏడ్చింది. "పిల్లలకి పాఠం చెప్పమంటే చెప్తానండి అక్కయ్యగారూ. నలుగురూ చూస్తుంటే నడవమంటే నాకు కాళ్ళు రావండి" అంది. రాజేశ్వరికి జాలేసింది. ఆడదాని నడక నేర్పడానికి జిల్లా మొత్తం మీద తన అన్నయ్యని మించినవాడు ఎవడున్నాడు? వెళ్ళి అడిగింది. అప్పటికే వేషం తనది కాదని తెలిసి కుంగిపోయి ఉన్నాడు అచ్యుతరావు. అయినా చెల్లెలు అడిగితే కాదనలేదు. పెరట్లో, బావి పక్కన, ఓపిగ్గా నేర్పాడు. "ఇది మన ముగ్గురిలోనే ఉండాలి" అన్నాడు. ఉంది, ఇంతవరకూ.

"భయంగా ఉందండి," సుగుణ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. రాజేశ్వరి చెయ్యేమీ వెచ్చగా లేదు.

ప్రొజెక్టరు గరగర మొదలైంది. పంచెల మీద వెలుగు పడింది. ముందు నీళ్ళు. నీళ్ళ మీద ఒక దోనె. ఆ తర్వాత గట్టు. గట్టు చివర చిన్నగా ఒక మనిషి, చంకలో బిందె.

ఆ మనిషి నడుచుకుంటూ వస్తోంది. వచ్చేకొద్దీ పెద్దదవుతోంది. కుచ్చిళ్ళు ఎడంచేత్తో ఒకింత ఎత్తిపట్టుకుంది. ఒక కాలు గట్టిగా మోపి, రెండోకాలు నేలని అడిగి మోపినట్టు మెల్లిగా మోపుతోంది. మోపేటప్పుడు గడ్డం కొంచెం పైకెత్తుతోంది.

రాజేశ్వరి తెరకి దగ్గరగా జరిగింది.

మొహం సుగుణది. అందులో సందేహం లేదు. కాని ఈ మనిషిని ఎక్కడో చూసింది. రోజూ చూస్తుంది. తెర వెనకనుంచి చూస్తే బొమ్మ కుడి ఎడమలు తిరగబడి కనపడుతుంది, అద్దంలో కనపడ్డట్టు. అదే ఆమెని పట్టిచ్చింది. పడకగదిలో నిలువుటద్దం ఉంది. పొద్దున్నే బొట్టు పెట్టుకోడానికి దాని ముందుకి వెళ్ళేటప్పుడు అద్దంలోంచి ఎదురొచ్చే మనిషి ఇదిగో, ఇలాగే నడిచి వస్తుంది.

అది తన నడక. తన కుచ్చిళ్ళు పట్టుకునే తీరు, తన గడ్డం. ఇంతెత్తున, ఇంత వెలుగులో!

ఆమెకి ఏమనిపించిందో ఆమెకే తెలియలేదు. సిగ్గు ముంచుకొచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి, లోపల ఎక్కడో కొంచెం సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం నిలిచింది ఎంతసేపని?

తెరకి ఆవలినుంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఎందుకలా కుంటుతోంది?"

గరగర ఆగింది. దీపం మూసేశాడు. హాలంతా చీకటి.

"ఏమిటిది? తీసేటప్పుడు నా కన్ను ఎండ మీద ఉంది, కనిపెట్టలేదు. ఆడమనిషిని పెట్టుకుంటే ఆడవేషం నడిచినట్టుందేమిటి? పైపెచ్చు ఆ కుంటొకటి!"

చీకట్లో పాపారావు గారు నవ్వారు. "కుంటేమిటండీ రత్నం గారూ! అది మా అచ్యుతం నడక. ఆడవేషం కట్టిన కుర్రాళ్ళంతా ఆ ఒక్క నడక పట్టుపడాలనే చస్తున్నారు. మీ టీచరమ్మకి ఎవరు నేర్పారండీ?"

ఎవరో కిటికీ మీది తివాచీ ఒకటి లాగేశారు. వెలుతురు భళ్ళున పడింది. కనకరత్నం మొహం కందగడ్డలా ఉంది.

"అదా సంగతి! రాజేశ్వరీ! మీ అన్నయ్యని అడుగు. వేషం దక్కలేదన్న కసితోనేనా ఆ పిల్లకి ఆ నడక నేర్పి నా బొమ్మ పాడుచేశాడు? అడుగు!"

రాజేశ్వరి తెర పక్కకి తోసుకుని హాల్లోకి వచ్చింది.

"అన్నయ్యనేమీ అనకండి. నేర్పమన్నది నేను."

"నువ్వా?"

"ఆ అమ్మాయి ఏడుస్తుంటే చూడలేకపోయానండీ. మీరు ఊళ్ళో లేరు."

"నాకు చెప్పకుండా! నా బొమ్మ, నా ఇంట్లో, నా వెనకాల!"

సుగుణ గుమ్మంలో నిలబడి కొంగుతో నోరు అదుముకుంది. "నాకు అలాగే నడవమని చెప్పారండి. తప్పని నాకు తెలియదండి," అంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

అందరూ అచ్యుతరావు వైపు చూశారు. అతను కోప్పడతాడనుకున్నారు, రాణి వేషంలో కోప్పడ్డట్టు. అతను కోప్పడలేదు. చాపమీద కూర్చుని, పరుచుకున్న జుట్టు రెండు చేతులతో వెనక్కి తోసుకున్నాడు. వీధిలో ఎద్దుబండి వెళ్ళిన చప్పుడు మొదటినుంచి చివరిదాకా వినపడింది.

"రాజమ్మా," అన్నాడు చివరికి. "అది నా నడక కాదని మీ ఆయనతో చెప్పు."

ఆమె తెర అంచు పట్టుకుంది.

"చెప్పు. చిన్నప్పుడు కొల్లేట్లో జమ్ముగడ్డి మోడు నీ ఎడం మడమలో దిగిందని చెప్పు. పుండు మానినా, ఆ కాలు గట్టిగా మోపడానికి నీకు భయం పోలేదని చెప్పు. మొట్టమొదట నాకు ఆడవేషం ఇచ్చినప్పుడు ఆడదెలా నడుస్తుందో తెలియక, నీళ్ళకి వెళ్తుంటే నీ వెనకాలే నడిచి నేర్చుకున్నానని చెప్పు. జనం ఈలలు వేసింది నాకు కాదు, నీకని చెప్పు."

"అన్నయ్యా, ఊరుకో."

"ఇన్నేళ్ళు కాపరం చేశాడు. రోజూ అన్నం వడ్డించడానికి ఆ కాళ్ళతోనే వస్తావు గదా! తెర మీద చూసి 'ఎందుకలా కుంటుతోంది' అని అడుగుతున్నాడు. ఇది నేనంటే బాగుండదు. నువ్వే చెప్పు."

వారం రోజులుగా ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసిన మనిషికి ఈ ఒక్క మాట మొయ్యడం చేతకాలేదు. మొగుడి మొహంలోకి చూసింది. అతను ఆమె మొహంలోకి చూడటం లేదు. ఆమె పాదాలకేసి చూస్తున్నాడు.

"ఏదీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఒకసారి ఆ గోడ దాకా నడు."

"ఏమిటండీ?"

"నడవమంటున్నాను. నడు, రాజేశ్వరీ. మామూలుగా నడు."

మామూలుగా! ఇంతమంది కళ్ళు తన కాళ్ళ మీదే పెట్టుకుని కూర్చుంటే మామూలుగా ఎవరు నడుస్తారు? ఒక అడుగు వేసింది. ఎడంకాలు ఎలా వెయ్యాలో జ్ఞాపకం రాలేదు. కుంటకూడదనుకుంది, ఇంకా కుంటింది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మూడో అడుగుకి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"కాదు, కాదు," అన్నాడు కనకరత్నం విసుగ్గా. "ఇలా కాదు."

పాపారావు గారు లేచారు. "ఇల్లాలిని పట్టుకుని నలుగురిలో ఇదేమిటండీ, చాలించండి. చూడాల్సింది చూశాం. సాయంత్రం రైలుకి అంకయ్య దగ్గరికి మనిషిని పంపుతాను, దోనెలు విప్పెయ్యమని. అచ్యుతం, నువ్వు రా. బెజవాడ నాటకాల వాళ్ళు నీకోసం ఎప్పటినుంచో అడుగుతున్నారు."

"వస్తానండీ," అన్నాడు అచ్యుతరావు. "ముందు ఈ భారం దించుకుని వస్తాను. మీరు స్టేషనుకి పదండి."

ఉత్తరీయం దులుపుకుని ఆయన వెళ్ళిపోయారు. అచ్యుతరావు ఆయన వెనకే వంతెన దాకా వెళ్ళాడు, మంగలిని తనే పిలుచుకు రావడానికి.

*

వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని రాజేశ్వరి ఊరికే మంట ఎగదోస్తోంది. పొయ్యి మీద ఏమీ లేదు.

సుగుణ పక్కన కూర్చుంది. "నేను మానేస్తానండి అక్కయ్యగారూ. నాన్నగారికి నేను చెప్పుకుంటాను. అచ్యుతరావు గారినే వెయ్యమనండి. అప్పుడు మండలి వాళ్ళు వస్తారు కదండీ?"

"ఆయన ఒప్పుకోడమ్మా. గీసిన గడ్డం కనపడుతుందట."

"పోనీ, మీరు..."

"ఆ మాట అనకు!" రాజేశ్వరి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నువ్వుకూడా అనకు సుగుణా. నేను వేషాలు కట్టడానికి పుట్టలేదు. మా అన్నయ్య వెళ్ళకూడదు, ఆయన బొమ్మ ఆగకూడదు. ఇంతకంటే నాకేమీ అక్కర్లేదు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట, ఒకే ఒక్క మాట మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి. మాట్లాడరు! నేను మోస్తున్నాను కదా, ఇక వాళ్ళకెందుకు మాట్లాడటం?"

ఏడుపు ఆపుకోలేకపోయింది. సుగుణ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, నీళ్ళకని బిందె చంకన పెట్టుకుని రాజేశ్వరి లేచింది.

అప్పుడు వినిపించింది, కత్తెర చప్పుడు.

మండువాలోకి సాయంత్రపు ఎండ ఏటవాలుగా దిగి ఉంది. మధ్యలో పీటమీద అచ్యుతరావు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వెనక మంగలి, చేతిలో కత్తెరతో. మొదటి పాయ అప్పటికే తెగి నేలమీద పడింది, మూరెడు జుట్టు.

ఆ జుట్టుకి చిన్నప్పటినుంచీ నూనె రాసింది రాజేశ్వరి. అన్నయ్యకి చిక్కులు తీసి, తన జడ అల్లుకున్నట్టే జడ అల్లి, ఆటకి పంపింది. అది నేలమీద పడి ఉండటం చూసేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఆపు! ఆపవయ్యా నువ్వు!"

చంకన ఉన్న బిందె చంకనే ఉంది. ఎడంచేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గుమ్మం దాటింది. మండువా మెట్టు దిగింది. ఎవరు చూస్తున్నారో, ఎవరేమనుకుంటారో ఆమెకి పట్టలేదు. అన్నయ్య, ఆ జుట్టు, ఆ కత్తెర, అంతే. ఎండలోకి నడిచి వెళ్ళింది. మంగలి బెదిరి రెండడుగులు వెనక్కి తగ్గాడు. ఆమె బిందె దించి, వంగి, తెగిన పాయ చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడికి వెళ్తావు? నన్ను వదిలేసి ఎక్కడికి వెళ్తావు అన్నయ్యా?"

అచ్యుతరావు కళ్ళు తెరిచాడు. కాని ఆమె మొహంకేసి చూడలేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. అతని మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. ఆట మొదలవబోయే ముందు, తెర పక్కన నిలబడి జనాన్ని చూసేటప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పుడు ఆమెకి వెనకనుంచి చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు, కిర్రు.

వసారాలో కెమెరా పిడి తిరుగుతోంది.

"బావా," అన్నాడు కనకరత్నం. వారం రోజుల్లో మొదటిసారి. గొంతులో విసుగు లేదు, అధికారం లేదు, ఊపిరాడనట్టు ఉంది. "బావా, నువ్వు కొంచెం ఎడంపక్కకి జరుగు. నీ నీడ దాని మీద పడుతోంది."

అచ్యుతరావు పీటతో సహా జరిగాడు.

"ఇప్పుడు చాలా, బావా?"

"చాలు, చాలు. అలాగే ఉండు."

"ఎండ దిగిపోతోంది, తొందరగా కానియ్," అన్నాడు అచ్యుతరావు. ఆ తర్వాత పెదవులు కదపకుండా, తెరచాటునుంచి వేషగాళ్ళకి మాట అందించినట్టు, చెల్లెలికి మెల్లిగా చెప్పాడు. "రాజమ్మా, వెనక్కి చూడకు. ఏడుపు ఆపకు. ఆ జుట్టు గుండెకి ఆనించుకుని, వచ్చిన దారినే మెల్లిగా వెనక్కి నడు. కెమెరా వైపు మాత్రం చూడకు తల్లీ."

ఆ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే చాలునని ఈ వారంలో ఆమె మొక్కని దేవుడు లేడు. ఇదిగో, మాట్లాడుకుంటున్నారు. ఎంత చక్కగా, ఒకరి మాట ఒకరు అందుకుంటూ! మధ్యలో ఆమె మొయ్యక్కర్లేకుండానే మాటలన్నీ వాటంతటవే వెళ్తున్నాయి.

ఆమెని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

రాజేశ్వరి జుట్టుపాయ పిడికిట్లో గట్టిగా బిగించింది. వెనక్కి తిరిగింది. ఒక్క అడుగు కూడా వెయ్యకుండా నిలబడి, తల ఎత్తి, కెమెరా గాజుకంటిలోకి తిన్నగా చూసింది.

"కెమెరాలోకి చూడకు!" అన్నారు బావా బావమరుదులిద్దరూ ఒక్కసారే.

ఆమె చూపు తిప్పలేదు. పిడి తిప్పే ఆయన చెయ్యీ ఆగలేదు.